అతికించిన గొంతు

ఆస్పత్రి స్కాన్ గది బయట బల్ల సొరుగులో జీవరత్నం ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంచుకునేవాడు. డబ్బా నిండా పసుపు రాసిన నూలు తాళ్ళు, ఒక్కోదానికి ఒక పసుపుకొమ్ము. బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించే మనిషికి ఈ పసుపుకొమ్ముల గోల ఏమిటని కొత్తగా చేరిన నర్సులు నవ్వేవారు. వాళ్ళకేం, నవ్వుతారు. ఎమ్మారై యంత్రంలోకి వెళ్ళే మనిషి ఒంటిమీద లోహమన్నది ఉండకూడదు. పుస్తెలు తీసి ట్రేలో పెట్టమంటే ఎంత జబ్బు మనిషైనా బల్ల మీంచి లేచి వెళ్ళిపోతుంది. మెడ బోసిగా ఉండకుండా ముందు పసుపుకొమ్ము కట్టించి, ఆ తరవాత పుస్తెలు తీయించడం జీవరత్నం తన పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో సొంతంగా కనిపెట్టుకున్న పద్ధతి. ఈ పద్ధతి పెట్టాక ఒక్కరూ మొరాయించలేదు.

ఆ సోమవారం మరిడమ్మ మొరాయించింది.

నలభై దాటని మనిషి. ఎండుచేపల బుట్టలు మోసి మోసి మెడ నరాలు తేలి ఉన్నాయి. కళింగపట్నం దీపస్తంభానికి అవతలున్న చిన్న పేట ఆమెది. పసుపుతాడు చేతిలోకి తీసుకుని, కొమ్ముని గోటితో గీకి వాసన చూసింది గానీ కట్టుకోలేదు.

“నాను తియ్యను బాబూ,” అంది. “మా మావ ఏటకెల్లి రెండేళ్ళు దాటిపోనాది. పడవా నేదు, మనిషీ నేదు. పేటలో అందరూ తీసీ, తీసీ అని నా పేణం తీస్తన్నారు. ఆలు సెప్తేనే తియ్యనేదు, మీకోసం ఎందుకు తీస్తాను?”

“తియ్యడం కాదు తల్లీ, మార్చడం,” అన్నాడు జీవరత్నం. “ముందు ఇది కట్టుకో. అప్పుడు అది తియ్యి. నిమిషం కూడా మెడ ఖాళీగా ఉండదు. అరగంటలో నీవి నీకిచ్చెస్తాను.”

మరిడమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి గోడవైపు తిరిగి తాడు కట్టుకుని, ముడి రెండుసార్లు లాగి చూసుకుని, పుస్తెలూ మెట్టెలూ తీసి అతని అరచేతిలో పెట్టింది. అవి వెచ్చగా ఉన్నాయి. జీవరత్నం వాటిని ఖాకీ కవరులో వేసి, పైన ఆమె పేరు, ఇరవై మూడు అన్న అంకె రాశాడు.

ఇరవై మూడంటే పరిశోధనలో ఆమె వరస. ఆస్పత్రికి చేరిన మెడికల్ కాలేజీలో మెదడు గురించి పరిశోధించే డాక్టర్ సుహాసిని ఏడాదిగా పట్టుబట్టి చేయిస్తున్న పని అది. ఇదివరకు మెదడు ఎలా పనిచేస్తోందో చూడాలంటే, లోపల పడుకున్నవాళ్ళ కళ్ళ ముందు చుక్కలూ గీతలూ మెరిపించేవారు. బతుకులో ఎవరు గీతలు చూస్తూ కూర్చుంటారని ఆవిడ వాదన. మనిషికి రోజూ కనబడేదీ వినబడేదీ చూపించాలి, అప్పుడు మెదడులో ఏ చోట మెలకువ వస్తోందో పట్టుకోవాలి. అందుకని సముద్రపొడ్డున ఒక పొద్దుటి పూటని పది నిమిషాల సినిమాగా తీసి, బొబ్బిలి వైపు రైతులకీ, కళింగపట్నం వైపు మత్స్యకారులకీ అదే చూపిస్తున్నారు. సముద్రం ఎరిగిన మెదడుకీ ఎరగని మెదడుకీ తేడా తెలుస్తుందని ఆశ. రైతులు ఇరవై మందీ అయిపోయారు. సముద్రం వాళ్ళలో మరిడమ్మ మూడో మనిషి, ఆ పేట నుంచి మొదటి మనిషి. సినిమా తీసిందీ, శబ్దం కూర్చిందీ జీవరత్నమే. చర్చి పాటలు రికార్డు చేసే చెయ్యి గనక సుహాసిని ఆ పని అతనికే అప్పజెప్పింది.

మరిడమ్మని బల్లమీద పడుకోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, తల చుట్టూ ప్లాస్టిక్ పంజరం బిగించాడు. కళ్ళ పైన చిన్న అద్దం. తెర మీది బొమ్మ ఆ అద్దంలోంచి కనబడుతుంది. చేతిలో రబ్బరు బంతి పెట్టి, భయమేస్తే నొక్కమన్నాడు. “కదలకూడదు తల్లీ. సినిమా చూస్తున్నట్టే చూడు.”

“కదల్ను. సముద్రాన్ని సూసి ఎవులు కదుల్తారు,” అంది లోపల్నించి.

యంత్రం దడదడలాడటం మొదలుపెట్టింది. అద్దాల గదిలో సుహాసిని తెర ముందు కూర్చుంది. జీవరత్నం టీ గ్లాసు పట్టుకుని పక్కన నుంచున్నాడు. సినిమాలో పడవ అర్ధచంద్రంలా తిరిగి అలివి వల వేసుకుంటూ వస్తోంది. ఒడ్డున రెండు వరసల మనుషులు రెండు తాళ్ళూ అందుకుని, వీపులు ఇటు పెట్టి లాగుతున్నారు. ఆరో నిమిషంలో ఒక మగ గొంతు అలల మీంచి లేచింది.

“ఒరే, తాడొగ్గకండిరా! కాలు పాతండి, కాలు!”

చివరి మాట దగ్గర ఆ గొంతు నిలువునా చీలి, మళ్ళీ అతుక్కుంటుంది. ఇరవై రెండుసార్లు టీ తాగుతూ విన్న గొంతే. జీవరత్నం గ్లాసు ఎత్తబోయాడు. అలారం మోగింది.

బల్లని బయటికి లాగేసరికి మరిడమ్మ పంజరంతోనే లేవబోతోంది. అతను పంజరం ఊడదీసేలోపే అతని చొక్కా పట్టుకుంది.

“ఆడే! మా మావే! మా సినబాబే! ఎక్కడ తీసేరు బాబూ ఇది?”

సుహాసిని పరుగున వచ్చింది. మంచి మనిషే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “కంగారు పడకమ్మా. ఇది మొన్న జనవరిలో తీసింది. మీ ఆయన వెళ్ళి రెండేళ్ళు దాటిందన్నావు కదా, ఆయన ఎలా అవుతాడు? మనసులో ఉన్నవాళ్ళ గొంతుని మెదడే అలా వినిపిస్తుంది. అందులో నీ తప్పేం లేదు.” ఇటు తిరిగి, “జనవరే కదా జీవరత్నంగారూ?” అంది.

జీవరత్నం చేతిలోని పంజరం ఎక్కడ పెట్టాలా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

“అవునండీ. జనవరే,” అన్నాడు.

సుహాసిని చెప్పిన నాలుగు మాటల్లో మరిడమ్మ చెవికెక్కింది ఒక్కటే. “జనవరి! అంటే మొన్ననే! మొన్న జనవరిలో ఆడు ఒడ్డున తాడు లాగుతన్నాడు!” అంటూ బల్ల దిగింది. వద్దంటున్నా ఆగలేదు. ఆస్పత్రి వరండాలో ఆమె ఉత్త కాళ్ళ చప్పుడు దూరమైపోయాక గానీ, బల్లమీద ఖాకీ కవరు మిగిలిపోయిందని జీవరత్నం చూసుకోలేదు.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళి బూట్లు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సినిమా కూర్చిన ఫైలు తెరిచాడు. పైన బొమ్మల పట్టీ, కింద శబ్దం పట్టీలు రెండు. మొదటిది జనవరిది. దాన్ని నొక్కితే గాలి తప్ప మరేం లేదు. ఆ రోజు ఒడ్డున ఉత్తరపు గాలి హోరెత్తి మైకులన్నీ పాడుచేసింది. రెండో పట్టీ పేరులోనే తారీఖు ఉంది. మూడున్నరేళ్ళ కిందటిది. చర్చి క్రిస్మసు పాటల కోసం కొన్న కొత్త రికార్డరుని పరీక్షించుకోడానికి కళింగపట్నం ఒడ్డుకి వెళ్ళి, గంటసేపు నుంచుని పట్టిన శబ్దం. అప్పటికి మరిడమ్మ మొగుడు ఇంకా వేటకి వెళ్తూనే ఉన్నాడు.

చర్చి పాటల్లో ఎవరో దగ్గితే పోయినేడాది పాటలోంచి ఆ ముక్క కోసి ఇక్కడ అతికించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. దేవుడి పాటే కదా, ఏ ఏడాదిదైతేనేం. సముద్రం కూడా అంతేననుకున్నాడు. లాగేవాళ్ళ మొహాలు కనబడవు, పెదాలు కలవలేదని పట్టుకునేవాళ్ళుండరు. డాక్టరమ్మకి చెప్పాల్సినంత విషయంలా అనిపించలేదు. ఇప్పుడు చెప్పాలంటే ధైర్యం చాలడం లేదు. ఉద్యోగం భయం ఒకటి. అంతకంటే, పొద్దున్న ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ జనవరే అన్నాడు. ఆ ఒక్క మాటతో పోయిన మనిషిని లేపి ఒడ్డున నుంచోబెట్టాడు.

మంగళవారం పొద్దున్న సుహాసిని గదికి వెళ్ళాడు. ఆవిడ కంప్యూటర్లో పట్టిక తెరిచి ఉంది. ఇరవై మూడో వరసకి ఎర్రరంగు పూసింది.

“తల బాగా కదిలిందండీ. ఆరో నిమిషం తరవాత పనికిరాదు,” అంది. “ఆవిడ చెప్పినదాన్నిబట్టి చూస్తే, ఈ కొలతల్ని నమ్మలేం కూడా. తీసేద్దాం. పాపం, మనిషిని చూస్తే జాలేసింది.”

“తీసేస్తే…” అన్నాడు జీవరత్నం.

“ఇంకొకళ్ళని పిలుద్దాం. ఆ పేట నుంచే ఉంటారు కదా.”

అతను తలూపి బయటికొచ్చాడు. వరండాలో నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి, దాహం లేకపోయినా మూడు గ్లాసులు తాగాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుంటే ఫోన్ మోగింది. అవతల ఎవరో కుర్ర గొంతు, ఆదరాబాదరాగా.

“జీవరత్నం గారేనా అండీ? నాను గిరిబాబునండీ. మరిడమ్మకి మరిదిని. సినబాబు మా అన్న. నిన్న మీ కాడికొచ్చినకాడి నుంచి వొదిన బుర్ర పాడయిపోనాదండీ. ఇంటికి రానేదు. రేవు రేవూ తిరిగి, మా ఆయన్ని ఎక్కడ దాసేర్రా అని అడుగుతన్నాది. రేత్రి ఇసకలో పడుంటే మోసుకొచ్చేం. రేపు అమాసండీ. అన్న సవం దొరకనేదు గదా, దర్భబొమ్మ సేసి కాలుద్దామని పెద్దలు రోజెట్టేరు. మా అమ్మ కళ్ళు పోయేయి, కొడుకుని సాగనంపకుండా నాను సావనని కూకున్నాది. వొదినేమో బతికున్నోడికి అగ్గెడితే ఆ మంటలో నాను దూకుతానంటన్నాది.”

“నన్నేం చెయ్యమంటావు బాబూ?” అన్నాడు జీవరత్నం.

“మీరొచ్చి ఒక్క మాట సెప్పండి. ఆ గొంతుక మా అన్నది కాదని. తీసినోరు మీరే గదా, మీరు సెప్తే నమ్ముతాది. నేకపోతే ఇసాపట్నం పిచ్చాసుపత్రిలో ఎయ్యాలంటన్నారు పెద్దలు.”

ఫోన్ పెట్టేశాక జీవరత్నం ముద్ద కలపలేదు. ఎంత తేలికైన పని! ఒక బస్సెక్కి, ఒక మాట చెప్పి వచ్చెయ్యడం. కాదంటే అతని ఉద్యోగానికీ దిగుల్లేదు, సుహాసిని పరిశోధనకీ మచ్చ రాదు, ముసలిదాని కోరికా తీరుతుంది. అందరికీ మంచిదే. కాకపోతే తన మొగుడి గొంతు తాను గుర్తుపట్టిన ఆడది పిచ్చిదైపోతుంది. అంతమందిలో సరిగ్గా విన్నది ఆవిడొక్కతే, పిచ్చిముద్ర పడేదీ ఆవిడ మీదే. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. డబ్బా మూత పెట్టి నేరుగా సుహాసిని గదికి నడిచాడు.

కూర్చోమన్నా కూర్చోలేదు. “అమ్మా, ఆ శబ్దం జనవరిది కాదు,” అని మొదలుపెట్టి, గాలి సంగతీ అతికించిన సంగతీ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

సుహాసిని మొహం ముందు ఎర్రబడింది. “ఇరవై రెండు మందికి చూపించాం జీవరత్నంగారూ! బొమ్మ ఒక రోజుది, శబ్దం ఒక రోజుది. పేపర్లో ఏమని రాశానో తెలుసా? ఒకే పూట తీసిన సహజమైన దృశ్యం అని రాశాను. మీకు అడగాలనిపించలేదా?”

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కిటికీలోకి చూసింది. కాసేపటికి గొంతు మారింది.

“అంటే అది నిజంగా ఆయన గొంతే.”

“అవునమ్మా.”

“చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను, నీ మెదడే వినిపిస్తోందని.” ఆవిడ మౌస్ కదిపి ఇరవై మూడో వరస ఎర్రరంగు తీసేసింది. “రేపు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి రండి. మీ సంగతీ, నా సంగతీ వచ్చాక చూసుకుందాం.”

బుధవారం పొద్దున్నే అతను బస్సు దిగేసరికి గిరిబాబు మోటారుసైకిలుతో ఎదురుచూస్తున్నాడు. పాతికేళ్ళవాడు, కళ్ళు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. దారిపొడుగునా ఒకటే మాట. “కాదనీయండి బాబూ. అంతే. కాదనీస్తే సాలు.” జీవరత్నం ఒళ్ళో సంచీ పట్టుకుని కూర్చున్నాడు. సంచీలో రికార్డరు, చర్చి హెడ్‌ఫోన్లు, ఖాకీ కవరు.

పేట చివర రేకుల ఇల్లు. ఇంటి ముందు ఇసుకలో ఎండుచేపలు పరిచి ఉన్నాయి. వాటిని తిరగేసే మనిషి లేక కాకులు లాక్కుపోతున్నాయి. దూరంగా నీటి అంచున నలుగురు పెద్దలు చాప మీద దర్భబొమ్మ కడుతున్నారు. మనిషి పొడవుంది. ఒకాయన దానికి కొత్త పంచె చుడుతున్నాడు.

మరిడమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పాదాలు వాచి, పగిలి, మడమల దగ్గర నెత్తురు కట్టింది. మెళ్ళో ఆస్పత్రి పసుపుతాడు చెమటకి రంగు పోయింది. జీవరత్నాన్ని చూడగానే లేవబోయి లేవలేక గుమ్మం పట్టుకుంది.

“వొచ్చేవా బాబూ! ఏ రేవులో తీసేవో సెప్పు. బావనపాడు దాకా ఎల్లొచ్చేను. ఎవులూ సూడనేదంటన్నారు. ఆడికి బుర్ర దెబ్బ తగిలిందేటో, ఇల్లు మరిసిపోనాడేటో. నువ్వు సెప్పు, ఎల్లి తెచ్చుకుంటాను.”

లోపల చాపమీదనుంచి ముసలి గొంతు పలికింది. లక్ష్మణమ్మ, చినబాబు తల్లి. “ఎవుల్రా వొచ్చేరు?”

“ఆస్పత్రి బాబమ్మా. సినిమా తీసినాయన,” అన్నాడు గిరిబాబు, జీవరత్నం మొహంలోకి చూస్తూ. “సెప్పండి బాబూ.”

నీటి అంచున పెద్దలు కూడా పని ఆపి ఇటే చూస్తున్నారు. జీవరత్నం ఇసుకలో చతికిలబడి, ఆమె మొహానికి ఎదురుగా మొహం పెట్టాడు.

“ఆ గొంతు మీ ఆయనదే తల్లీ.”

“ఏటి బాబూ!” గిరిబాబు కేక పెట్టాడు.

మరిడమ్మ మొహం వెలిగిపోయింది. అంత వెలుగు అతను ఏ పెళ్ళికూతురి మొహంలోనూ చూడలేదు. తరవాతి మాట ఇప్పుడే చెప్పాలి, ఈ క్షణమే చెప్పాలి, ఆలస్యం చేస్తే మళ్ళీ చెప్పలేడు. “కానీ తల్లీ, అది…” అన్నాడు. ఆమె వినడం లేదు. “ఇన్నావేటత్తా? ఆడే! నాను సెప్పలే?” అని లోపలికి అరుస్తోంది. ఇంక మాటలు చాలవని అతనికి తెలిసిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకి పెట్టి రికార్డరు నొక్కాడు.

ఇది సినిమాలో కోసి అతికించిన ముక్కలు కాదు, కొయ్యని గంట శబ్దం. రాత్రి మూడుసార్లు విన్నాడు గనక ఎక్కడ ఏముందో అతనికి క్షణం క్షణం తెలుసు. అలలు. తాళ్ళు ఒరుసుకునే చప్పుడు. ఇప్పుడు చినబాబు కేక. మరిడమ్మ కళ్ళు మూసుకుంది. సినిమా కోసం అతను కత్తిరించింది ఈ కేక అయిన వెంటనే. కత్తిరించకపోతే తరవాత వచ్చేది ఇదీ:

“ఒసే మరిడీ! ఆ గంజి ముంత ఆడెట్టీసి నువ్వో సెయ్యెయ్యే!”

ఆ వెంటనే ఒక ఆడగొంతు, దగ్గరగా, కోపంగా, పడుచుదనంతో.

“నాను రాను పో! పొద్దున్న తిట్టినప్పుడు నేదేటి, నీకిప్పుడు నా సెయ్యి కావాలా?”

లాగేవాళ్ళందరి నవ్వూ. అందరికంటే పైన చినబాబు నవ్వు.

మరిడమ్మ పెదాలు మొదట మెల్లిగా కదిలాయి. నాను రాను పో. చప్పుడు లేకుండా అన్నది. కళ్ళు తెరిచి జీవరత్నాన్ని చూసింది. చేతులు రెండూ హెడ్‌ఫోన్లని చెవులకేసి నొక్కుకున్నాయి.

“ఇది నాను,” అంది.

జీవరత్నం రికార్డరు ఆపాడు.

“ఇది నాను గదా. గంజి ముంత పట్టుకెల్లిన రోజు. మామిడికాయ ముక్క మరిసిపోనానని పొద్దున్న తిట్టేడు. ఆ ముంత ఆ ఏడే పగిలిపోనాది.” వేళ్ళు మడిచి లెక్క చూడబోయి, మొదటి వేలు దగ్గరే ఆగిపోయింది. “అప్పటికి ఆడు ఎల్లనేదు.”

“లేదు తల్లీ. అప్పటికి ఇంకా ఉన్నాడు. ఈ గొంతు తెచ్చి జనవరి బొమ్మకి అతికించింది నేను. మొన్న నీ మెదడు తప్పు వినలేదు. తప్పు నాది. సోమవారం జనవరే అని అబద్ధం చెప్పింది కూడా నేనే.”

మరిడమ్మ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని అతను కోరుకున్నాడు. ఆమె మొహంలో వెలుగు వచ్చినంత వేగంగా పోలేదు, సాయంత్రం ఇంట్లోంచి వెలుతురు పోయినట్టు మెల్లిమెల్లిగా పోయింది. హెడ్‌ఫోన్లు తీసి, గుమ్మం మీదనుంచి పాక్కుంటూ లోపలికి వెళ్ళి అత్తగారి చెవులకి పెట్టింది. జీవరత్నం వెనక్కి జరిపి మళ్ళీ నొక్కాడు. లక్ష్మణమ్మ చూపులేని కళ్ళు పైకెత్తి, నోరు తెరుచుకుని వింది. “ఓలమ్మా, నా కొడుకే! ఎలగ నవ్వుతన్నాడో సూడు!” అని నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపందుకుంది. అత్తా కోడలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. గిరిబాబు రేకుల గోడకి మొహం తిప్పుకున్నాడు.

చాలాసేపటికి జీవరత్నం కవరు తీసి ముందు పెట్టాడు. “నీవి ఆస్పత్రిలో మరిచిపోయావమ్మా.”

మరిడమ్మ కవరు విప్పలేదు. లోపలున్నవాటిని పైనుంచే వేళ్ళతో తడిమింది. “నువ్వు మార్సడమే అన్నావు బాబూ, తియ్యడం కాదని,” అంది. మాటలో నిష్ఠూరం లేదు, అందుకే అతను తల ఎత్తలేకపోయాడు. ఆమె ఆ కవరుని అత్తగారి దిండు కింద పెట్టింది.

బయట పెద్దలు పిలిచారు. బొమ్మ సిద్ధమయింది. గిరిబాబు తలస్నానం చేసి తడిగుడ్డతో వచ్చాడు. నలుగురు చాప నాలుగు మూలలూ పట్టుకుని లేవబోతుంటే మరిడమ్మ గుమ్మం దిగింది. వాచిన కాళ్ళతో ఎండుచేపల మధ్యనుంచి, ఇసుకలో పడుతూ లేస్తూ నడిచింది.

“వొదినా, ఆడోలు రాకూడదు,” అన్నాడు గిరిబాబు. కసిరినట్టు కాదు, బతిమాలినట్టు. పెద్దాయన ఒకరు కూడా అడ్డంగా చెయ్యి చాపాడు. “తప్పమ్మా, నువ్వు ఇంటికాడ ఉండాల.”

మరిడమ్మ ఆ చేతికిందనుంచే వంగి వెళ్ళి, బొమ్మ కాళ్ళవైపు చాప అంచు పట్టుకుంది.

“సెయ్యెయ్యమని పిలిసేడు పెద్దయ్యా,” అంది పెద్దాయనతో. “ఆ రోజు నాను రానన్నాను.”

పెద్దాయన చెయ్యి దించుకున్నాడు. నలుగురు మగవాళ్ళూ, కాళ్ళవైపు మరిడమ్మా కలిసి చాపని లేపారు. దర్భబొమ్మకి బరువేముంటుంది, గాలికి ఎగిరిపోకుండా పట్టుకోవడమే. అయినా ఆమె మడమలు రెండూ ఇసుకలో గట్టిగా పాతి, నరాలు తేలేలా పట్టుకుంది. జీవరత్నం చెప్పులు విప్పి, ఖాళీగా ఉన్న నడిమి అంచు దగ్గరకి వెళ్ళి తనూ ఒక చెయ్యి వేశాడు.